మేళం ఆగిన సాయంత్రం

మొన్న పెళ్లిళ్ల రోజుల్లో ఒక సాయంత్రం, తాండూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఎదురింటివాళ్ల మనవరాలికి క్లారినెట్ మీద కల్యాణి రాగం చెబుతున్నాను. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే ఊపిరి పట్టడం నేర్చుకుంటోంది. కింది షడ్జం మీద కదలకుండా కాసేపు నిలబడగలిగిందన్న సంతోషంలో నేనుండగా వీధి చివర నుంచి డీజే బండి వచ్చింది. ముందు గోడకున్న క్యాలెండరు వణికింది, తరువాత అలమరలో గ్లాసులు వణికాయి, ఆ తరువాత మా ఇద్దరి గుండెలు. పెళ్లికొడుకు కారులో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నేను లేచి కిటికీ మూశాను. మూసి, చెయ్యి గొళ్లెం మీదే ఉంచి నాలో నేను నవ్వుకున్నాను. ఎందుకంటే ఊరేగింపు వస్తే సంగీతం వాళ్లు కిటికీలు మూసుకోవడం నాకు కొత్త కాదు, కాకపోతే ఆ రోజుల్లో నేను కిటికీకి అవతలి పక్కన ఉండేవాణ్ణి.

మా మేనమామది బ్యాండు మేళం. ఇటు బషీరాబాద్ దాకా, అటు కొడంగల్ దాకా ఏ కలిగినింట్లో పెళ్లయినా ఆయన ఎర్రకోటు, బంగారు అంచు టోపీ లేకుండా పెళ్లికొడుకు గడప దాటేవాడు కాదు. 1969లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చి బడులన్నీ నెలల తరబడి మూతపడ్డాయి, నా ఈడువాళ్లకు ఆ ఏడాది గుర్తుండే ఉంటుంది. మా నాన్న తాండూరు బండలు కోసే మిషను దగ్గర పనిచేసి సాయంత్రానికి తలనుంచి కాళ్లదాకా తెల్లటి దుమ్ముతో ఇంటికి వచ్చేవాడు, ఆయనకు నన్ను కనిపెట్టుకునే తీరిక లేదు. ఇంట్లో నా అల్లరి పడలేక మా అమ్మ నన్ను తన తమ్ముడికి అప్పగించింది. బడులు తెరిచాక వెళ్లాననుకోండి, కానీ అప్పటికే నా మనసు బడిలో లేదు, చాచా దగ్గర ఉంది.

చాచా అంటే మా మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయన. మామకు చిన్ననాటి స్నేహితుడు. సన్నటి మనిషి, మెహందీ పెట్టిన గడ్డం, నోట్లో ఎప్పుడూ క్లారినెట్ మూతికి బిగించే రీడు ఒకటి నానుతూ ఉండేది, అందువల్ల ఆయన మాటలు సగం మాకు అర్థమయ్యేవి కావు, మిగతా సగం తిట్లు. ఆయనే నాకు నల్లటి ఆ కొయ్యగొట్టం ఎలా పట్టుకోవాలో, పెదవి ఎక్కడ ఆనించాలో నేర్పాడు. నేర్పిందంతా నడుస్తూనే. మేళంలో కూర్చోవడమన్న మాటే లేదు. ఎడమ కాలు పడితే ఊపిరి తీసుకోవాలి, తరువాత అడుగులన్నీ దాన్ని ఖర్చు పెట్టుకోవడానికి. నేను సరళీ వరసలు నేర్చుకున్నది పలక మీద కాదు, తాండూరు బజారు రోడ్డు మీద, అరికాళ్లతో.

మేళానికి ఒక కట్టడి ఉండేది. పెళ్లివారి ఇంటి ముందు మొదలుపెడితే, దిగవలసిన గుమ్మం వచ్చేదాకా వాద్యం ఆగకూడదు. మామ చెయ్యి ఎత్తితే మొదలు, మామ చెయ్యి దించితే ఆఖరు, ఆ దించడం గుమ్మం ముందే. నడుమల ఆగితే పెళ్లివారికి అపశకునం, మనకు నామర్ద, తలవంపు అనేవాడు. ఒకసారి తాండూరు రైలు గేటు దగ్గర మా ఊరేగింపు వచ్చే వేళకు గేటు వేసేశారు. గూడ్సు బండి వచ్చింది, పోయింది, ఇంకొకటి వస్తుందన్నారు, గేటు తీయలేదు. మేము ఉన్నచోటే కాళ్లు ఎత్తి దించుతూ అదే పాట తిప్పితిప్పి వాయించాం. ఆఖరికి గేటుమనిషే రెండు చెవులూ మూసుకుని మామకు దండం పెట్టాడు. మామ చెయ్యి మాత్రం దించలేదు. ఈ సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తరువాత రెండు మూడేళ్లకనుకుంటా, వికారాబాదులో ఒక పెళ్లికి వెళ్లాం. అక్కడ అనంతగిరి వైపు వెళ్లే రోడ్డు మీద ఒక పాత పెంకుటి బంగళాలో సంగీత కళాశాల ఉండేది. మేము దాని దగ్గరకు రాగానే లోపలివాళ్లు ఒక్కొక్క కిటికీ టపటపా మూసేశారు. ఆఖరి కిటికీ మూసేలోగా, పాట మార్చేటప్పుడు వాద్యాలు కాస్త తగ్గిన సందులో, ఎవరో పాడుతున్న రాగం ఒక ముక్క నా చెవిన పడింది. అంత నెమ్మదిగా కూడా పాడవచ్చునని నాకు అంతవరకు తెలియదు. స్వరం మీద స్వరం పరుగెత్తకుండా, ఒక్క స్వరాన్నే పట్టుకుని దాని చుట్టూ తిరిగి దాని మంచిచెడ్డలన్నీ విచారించినట్టుగా ఉంది. నేను వాయించవలసిన చోట వాయించలేదు. కాళ్లు నడుస్తున్నాయి, నోట్లో క్లారినెట్ ఉంది, శబ్దం లేదు. మామ చూడలేదు గానీ చాచా చూశాడు.

మరునాడు పొద్దున్నే చాచా మా ఇంటికి వచ్చి, నోట్లోంచి రీడు తీసి మరీ మాట్లాడాడు. ఆయన అలా తీసి మాట్లాడిన సందర్భాలు చాలా తక్కువ.

“నా తాన ఉన్నదంత నీకిచ్చిన బేటా. గా ఇంట్ల ఇంక మస్తున్నది. పోయి తెచ్చుకో.”

అలా చాచా చెయ్యి పట్టుకుని, నేను బయటి నుంచి చూసిన కిటికీలున్న ఆ బంగళాలోకి మొదటిసారి వాకిలి గుండా వెళ్లాను. ప్రిన్సిపాలు గారు మర్యాదగల మనిషే, కానీ నా చేతిలోని వాద్యం చూసి ఇబ్బంది పడ్డారు. వయొలిన్ ఉంది, వీణ ఉంది, గాత్రం ఉంది, ఇది మాత్రం మా పాఠాల్లో లేదన్నారు. గది మూలన మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్న సన్నటి ఆయన అప్పుడు నోరు విప్పి, ఒక ఏడాది నాకు వదలండి, ఏడాది చివర పరీక్షకు పట్నం నుంచి వచ్చే పెద్దలు ఒప్పుకుంటే ఉంటాడు, ఒప్పుకోకపోతే వాడి దారిన వాడు పోతాడు అన్నారు. గొంతు వినగానే తెలిసింది, ఆ రాగం ముక్క పాడింది ఆయనే, తరువాత నాకు గురువైందీ ఆయనే. ఆ ఏడాది నా జాతకమంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. పరీక్ష నెగ్గితే సంగీతం, లేకపోతే బండల మిషను. మా నాన్న అక్కడ నాకు చోటు కూడా అడిగి పెట్టేశాడు.

మా గురువుగారిది గోదావరి వైపు. మంచి వయసులో, పేరు వస్తున్న రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇక్కడి గాలి మంచిదని, అనంతగిరి మీది ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు నయమైంది గానీ పాటలో సగం జబ్బుతోపాటే పోయింది. సగం ఊపిరితో మహానగరాల్లో కచేరీలు చేయలేనని తెలిసి, ఆ గాలినే నమ్ముకుని ఇక్కడే ఉండిపోయారు. ఎక్కువసేపు పాడితే దగ్గు తెర వచ్చేది, అందుకని ఒక్క స్వరం కూడా వృథాగా పోనిచ్చేవారు కాదు.

మొదటి రోజు ఆయన ముందు చాప మీద కూర్చుని వాయించాను. వాయించానంటే, ఊదాను. నాలుగు గోడల మధ్య నా శబ్దానికి నాకే చెవులు గింగురుమన్నాయి. పక్కగదిలో వీణ నేర్చుకుంటున్న అమ్మాయిలు లేచి బయటికి వచ్చారు. అదీ చాలదన్నట్టు, కూర్చునేసరికి నాకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియలేదు. నడిచే కాలు లేదు కదా. మఠం వేసుకున్న కాళ్లు చాప కింది బండను తంతున్నాయి, ఊపిరి మధ్యలో తెగిపోతోంది, వీధుల్లో గంటలకొద్దీ వాయించినవాణ్ణి ఒక చిన్న వర్ణం సగం కూడా చేరకుండానే చెమటతో తడిసిపోయాను. నెల గడిచినా అదే తంతు. రోజూ తాండూరులో తెల్లవారుజాము ప్యాసింజరు ఎక్కి, పాలక్యాన్ల మధ్య నిలబడి ధారూరు మీదుగా వికారాబాదు వచ్చి, కూర్చుని ఓడిపోయి, సాయంత్రం బండిలో ఇంటికి వెళ్లేవాణ్ణి. మేళంలో ఇంతటివాణ్ణి అని విర్రవీగినవాడికి ఆ అవమానం ఎంత మంటగా ఉంటుందో చెప్పలేను. రాత్రి మామ ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే మా అత్తమ్మ నా మొహం చూసి ఏమీ అడగకుండా ఇంకో రొట్టె వేసేది.

ఒకరోజు స్టేషను నుంచి కళాశాలకు నడుస్తూ, రోడ్డు మీద ఎవరూ లేరు కదా అని, మొదటి రోజు తెగిపోయిన ఆ వర్ణాన్ని వాయించుకుంటూ వస్తున్నాను. మొత్తం వచ్చేసింది. తీరా చూస్తే వెనక గురువుగారు. వైద్యులు చెప్పారని ఆయన రోజూ పొద్దున్నే అనంతగిరి రోడ్డులో నడిచేవారు. ఆయన నా వైపు కాదు, నా కాళ్ల వైపు చూస్తున్నారు. కాసేపు దగ్గి, తేరుకుని, నవ్వారు.

“ఒరే, నీకు ఊపిరి ఎక్కువై బాధ, నాకు తక్కువై బాధ. రేపటినుంచి నాతో నడువు. ఇద్దరి ఊపిరీ కలిపితే ఒక మనిషి సంగీతం అవుతుందేమో చూద్దాం.”

ఆ నడక పాఠాలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. సీతాఫలం చెట్ల మధ్య ఎగువకు పోయే ఆ రోడ్డు మీద ఆయన ముందు, నేను వెనక. నేను ఆయన అడుగులో అడుగు వేయాలి, ఆ అడుగుకే వాయించాలి. ఆయన నడక పెళ్లి నడక కాదు, జబ్బు మనిషి నడక. ఒక అడుగు వేసి, గాలి పీల్చుకుని, లోకాన్ని ఒకసారి చూసి, అప్పుడు రెండో అడుగు. ఆ అడుగు కోసం కాచుకుని కాచుకుని నాకు మొదట్లో పిచ్చెక్కేది. కోతులు చెట్ల మీద నుంచి మమ్మల్ని చూసి, వీళ్లకు పెళ్లికొడుకు ఎక్కడ తప్పిపోయాడా అని వెతుక్కునేవి. వానాకాలం పోయేసరికి ఆ నడకలో ఉన్న సుఖం నాకు తెలిసింది. చలికాలం వచ్చేసరికి ఆయన నడక ఇంకా తగ్గించి, ఆఖరికి నిలబడిపోయేవారు, నేనూ నిలబడి వాయించేవాణ్ణి. ఆ తరువాత రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కూర్చునేవారు, నన్నూ కూర్చోమనేవారు. నాకు తెలియకుండానే కూర్చున్నాను. కాళ్లు ఆగిపోయాయి, నడక మాత్రం లోపల ఎక్కడో సాగుతూనే ఉంది. శబ్దం తగ్గింది, స్వరం మిగిలింది. ఇది ఏ కళాశాలలోనూ లేని పాఠం, నా ఒక్కడి కోసం ఒక జబ్బు మనిషి కనిపెట్టిన పాఠం. నాకు గర్వంగా ఉండదా మరి?

పరీక్ష రోజు వైశాఖంలో పడింది. మంచి లగ్నాల రోజు. మామకు ఎన్ని ఊళ్ల నుంచి పిలుపులు వచ్చినా ఏరి కోరి వికారాబాదు పెళ్లి ఒప్పుకున్నాడు, ఎందుకని అడిగితే అక్కడి లడ్డూలు బాగుంటాయన్నాడు. నా పరీక్ష పొద్దున్న, వాళ్ల ఊరేగింపు సాయంత్రం, కాబట్టి ఏ చిక్కూ లేదనుకున్నాం. కానీ పట్నం నుంచి పరీక్షకులు రావలసిన బండి ఎక్కడో ఆగిపోయి, వాళ్లు కళాశాలకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గాత్రం అయి, వీణ అయి, వయొలిన్ అయి, అందరికన్నా చివర అనుమానం మీద పెట్టుకున్న నా వంతు వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది. పరీక్షకుల్లో పెద్దాయన నా చేతిలో క్లారినెట్ చూసి కనుబొమలు ఎత్తారు. కానివ్వు, కల్యాణి ఆలాపన వాయించు అన్నారు.

శ్రుతి పెట్టె సాగింది. నేను కళ్లు మూసుకుని అనంతగిరి రోడ్డు ఎక్కాను. మంద్రంలో నెమ్మదిగా పైకి వస్తున్నాను, బాగానే వస్తోంది, నాకే తెలుస్తోంది. అప్పుడు దూరంగా డోలు మోగింది. ఆ డోలు ఏ మేళానిదో నాకు వేరే చెప్పాలా? రోడ్డు మలుపు తిరిగి మేళం కళాశాల వైపే వస్తోంది. ఒక్కొక్క దెబ్బకూ నా కింద బండ అదురుతోంది. మఠం వేసుకున్న నా కాలి వేళ్లు కదలడం మొదలుపెట్టాయి, ఊపిరి పొట్టిదైంది, రాగం నా చేతుల్లోంచి జారి డోలు వెంట పరుగెత్తబోతోంది. ప్రిన్సిపాలు గారు లేచి కిటికీలు మూయడానికి కదిలారు. మూసినా ఆ డోలు ఆగదని నాకు తెలుసు. రైలు గేటు దగ్గరే ఆగని మామ ఇక్కడ ఆగుతాడా? నా బతుకు బండల మిషను పాలైందనుకున్నాను.

డోలు ఆగిపోయింది.

నాకు మొదట భయం వేసింది. మేళం నడిరోడ్డు మీద ఆగడమంటే ఎవరికో ఏదో అయిందనే. ఆ నిశ్శబ్దంలో కిటికీ గుండా మాటలు స్పష్టంగా వినబడ్డాయి. పెళ్లికొడుకు తండ్రి కేకలేస్తున్నాడు.

“ఏమైందే మేళానికి? నడుమల ఎందుకాపిండ్రు?”

“జర ఆగుండ్రి పటేలా. లోపట మా పోరడు పరీక్షల కూసున్నడు.” అది మా మామ గొంతు. కిటికీలోంచి నా క్లారినెట్ ఆయన చెవిన పడ్డట్టుంది.

“ఎంతసేపే?”

“వాడు వాయించుడు అయ్యేదాక.”

పుట్టినప్పటినుంచి ఆయన నోట నేను విన్న కట్టడి ఒక్కటే, దాన్ని ఆయనే నా కోసం తెంచేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగితే తిరిగాయి. పరీక్షకుల్లో పెద్దాయన ప్రిన్సిపాలు గారి వైపు చూసి, ఆ కిటికీలు మూయకండి, పూర్తిగా తెరవండి అన్నారు. తెరిచారు. నేను లోపలివాళ్ల కోసం, బయటివాళ్ల కోసం కలిపి వాయించాను. గట్టిగా కాదు. గురువుగారి అడుగంత నెమ్మదిగా, ఒక్కొక్క స్వరాన్ని పట్టుకుని, దాని మంచిచెడ్డలన్నీ విచారిస్తూ, పై షడ్జం దాకా ఎక్కి, అక్కడ గాలి పీల్చుకుని, లోకాన్ని ఒకసారి చూసి, మళ్లీ దిగి వచ్చాను. గుర్రం మీది పెళ్లికొడుకుతో సహా ఆ ఊరేగింపు మొత్తం రోడ్డు మీద నిలబడి విన్నది. గుర్రం ఒకసారి సకిలించింది గానీ దాన్ని తప్పుపట్టను.

నేను ముగించాను. అప్పుడు ఆ పెద్దాయన తన పక్కాయనతో, బయట అంతమందిని ఆపగలిగినవాణ్ణి ఇక్కడ నేను ఆపితే బాగుండదు, వీణ్ణి ఉంచుకోండి, వాద్యాన్ని కూడా మీ పాఠాల్లో చేర్చుకోండి అన్నారు. గురువుగారు మఫ్లరులో మొహం దాచుకుని దగ్గుతున్నట్టు నటించారు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నేను క్లారినెట్ పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను. చాచా నన్ను చూడగానే నోట్లోంచి రీడు తీసి, తన చోటు చూపించి పక్కకు జరిగాడు. మామ నా వైపు చూడలేదు, చూస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, చెయ్యి మాత్రం ఎత్తాడు. కల్యాణిలోనే ఎత్తుకున్నాం. మా వెనకే గురువుగారు కూడా రోడ్డు మీదికి వచ్చి మేళంతోపాటు నడవడం మొదలుపెట్టారు. ఆయన నడిచేది ఎట్లాగో మీకు చెప్పాను కదా. మామ ఒకసారి వెనక్కి చూశాడు, డోలు దెబ్బ తగ్గించమని చేత్తో చూపించాడు. డప్పులు తగ్గాయి, గుర్రం తగ్గింది, పటేలు గారి బంధువులంతా తగ్గారు. ఒక్క మనిషి ఊపిరికి తగ్గట్టుగా ఒక పెళ్లి ఊరేగింపు నడిచింది. ఆ పూట లగ్నం దాటిపోతుందేమోనని పటేలు కంగారు పడ్డాడు గానీ, దాటలేదు. చాలా ఏళ్ల తరువాత ఆ పెళ్లికొడుకు నాకు బజారులో కనబడి, మా పెళ్లంత నిమ్మళమైన పెళ్లి ఇంకొకటి జరగలేదన్నాడు.

ఆ తరువాత కథ మామూలే. అక్కడే డిప్లొమా పుచ్చుకున్నాను, ఎనభైలలో అక్కడే అయ్యవారినై కూర్చున్నాను. అవును, కూర్చున్నాను. నా దగ్గర చేరిన పిల్లలందరినీ మొదట అనంతగిరి రోడ్డు మీద నడిపించాను. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, గొప్పే చెప్పుకుంటున్నాను, ఈ వయసులో ఆ హక్కు నాకుంది. చాచా పోయాడు, గురువుగారు పోయారు, మామ ఆఖరి రోజుల్లో మంచం మీద పడుకుని కూడా బయట మేళం వినబడితే చెయ్యి ఎత్తేవాడు. ఆ చెయ్యి దిగేదాకా మా అత్తమ్మ ఆయనకు గంజి కూడా పట్టేది కాదు.

మొన్నటి ఆ సాయంత్రం డీజే బండి ఎప్పుడు వెళ్తుందా అని ఆ పిల్లా నేనూ మూసిన కిటికీ వెనక కూర్చున్నాం. వెళ్తుందేమోనని చూస్తే మా ఇంటి ముందే నిలిచిపోయింది, ముందేదో లారీ అడ్డం వచ్చిందట. నేను ఉండబట్టలేక గేటు దాకా వెళ్లి, లోపల ఒక పిల్ల నేర్చుకుంటోంది, జర తగ్గించండి అని అడగాలనుకున్నాను. తీరా చూస్తే ఎవరిని అడగాలి? డ్రైవరు డీజే పెట్టె మీద మీట నొక్కి టీ తాగడానికి దిగిపోయాడు. పెళ్లివారు ఎవరి మాట వాళ్లకే వినబడక ఊగుతున్నారు. పాట తనంతట తను పాడుకుంటోంది. నేను గేటు పట్టుకుని, ఆ వెలుగుల మధ్య, ఆ జనం మధ్య, ఎత్తిన చెయ్యి ఒకటి ఎక్కడైనా కనబడుతుందేమోనని చాలాసేపు వెతికాను.